మూడు కోడిగుడ్ల బరువు

రాళ్లగూడలో రిబ్కమ్మ పెంచిన మూడు కానుక కోళ్లనూ డేగలు ఎత్తుకుపోయాయి. ఈ మాటను ఆ ఊళ్లో నమ్మనివారు లేరు. చర్చికి వెళ్లేవారు నమ్మారు, వెళ్లనివారూ నమ్మారు. ఆసిఫాబాద్ నుంచి సరుకులు తెచ్చే ఆటో డ్రైవరు తాను నమ్మడమే కాక, దారిలోని ఊళ్లన్నిటినీ నమ్మించాడు. కరీంనగర్‌లో ఉన్న నాకు ఆ వార్త తోమాసు ఫోన్ ద్వారా చేరింది.

“హనుమండ్లు సారూ, మీ గద్దలు మళ్ల వచ్చినయి,” అన్నాడు తోమాసు. “కని ఈసారి కథ మంచిగ లేదు. రిబ్కమ్మక్క కానుక కోళ్లను ఒక్కొక్కటే ఎత్తుకపోయినయి. సంఘంల అందరు గరంగ ఉన్నరు. ఆదివారం కోత పండుగ. వేలం అయినంక చేతులెత్తి తేల్చుకుంటం. తేలితే తెల్లారే చెట్లు కొట్టిస్తం. చూసేదుంటె ఆఖరుసారి వచ్చి చూసిపోండ్రి.”

తోమాసు పత్తి రైతు. అక్కడి మెథడిస్టు సంఘానికి పెద్ద. నేను కాలేజీలో జంతుశాస్త్రం బోధించి విరమించినవాణ్ణి. విరమణ తర్వాత నాకు రెండు పనులు మిగిలాయి. మహిమల వెనక ఉన్న కిటుకులను ఊరూరా విప్పి చూపడం ఒకటి, పక్షులను చూడడం మరొకటి. రాళ్లగూడ రెండో పనికి సంబంధించిన ఊరు. అక్కడి పాత మిషన్ బంగళా ముందు నాలుగు నిద్రగన్నేరు చెట్లున్నాయి. నవంబరులో ఈశాన్య రాష్ట్రాల మీదుగా దిగివచ్చే అముర్ డేగల గుంపు ఒకటి కొన్ని రాత్రులు ఆ కొమ్మల మీద ఆగుతుంది. మంగోలియా, ఉత్తర చైనా ప్రాంతాల్లో పుట్టి, మన దేశాన్ని అడ్డంగా దాటి, అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికా చేరే పక్షులవి. పగలు పొలాల మీద చెదిరిపోతాయి, పొద్దు గుంకగానే అవే చెట్లకు చేరతాయి. వాటిని గద్దలు అనవద్దని, డేగలు అనాలని తోమాసుకు ఎన్నోసార్లు చెప్పాను. “గట్లనే సారు,” అంటాడు, మళ్లీ గద్దలే అంటాడు.

కానుక కోడి సంగతి కూడా చెప్పాలి. ఆ సంఘంలో కోత పండుగకు ప్రతి ఇల్లూ తన పంటలో కొంత చర్చికి తెస్తుంది. కోడిని మొక్కుకున్నవారు దాని కాలికి ఎర్రగుడ్డ పీలిక కట్టి వదులుతారు. ఆనాటినుంచి అది ఆ ఇంట్లో తిరిగినా ఆ ఇంటిది కాదు. దాన్ని అమ్మరు, కోయరు, దాని గుడ్డు కూడా ముట్టరు. పండుగనాడు ఆరాధన ముగిశాక వేలంలో అది మరొకరి ఇంటికి పోతుంది. ఈలోగా రోగంతో చచ్చినా, ఏ జంతువో ఎత్తుకుపోయినా మొక్కినవారి తప్పు లేదు, మొక్కు చెల్లినట్టే లెక్క. ఇంటివాళ్లే కోసుకు తింటే మాత్రం, ఎవరి కోసం మొక్కారో ఆ మనిషికి కీడు అని నమ్మకం. రిబ్కమ్మ తన కూతురు రెబెకా కాన్పు క్షేమంగా జరగాలని మూడు కోళ్లు మొక్కింది. కాన్పు జరిగింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా బతికి బయటపడ్డారు. కోళ్లే పండుగ దాకా నిలవలేదు.

శనివారం సాయంత్రం ముకర్రం కారులో బయల్దేరాను. ముకర్రంకు కరీంనగర్‌లో ఫొటో స్టూడియో ఉంది. ముహూర్తాలు ఉన్నప్పుడు పెళ్లిళ్లు తీస్తాడు, లేనప్పుడు పక్షులను తీస్తాడు. రాత్రికి నస్పూర్‌లో అతని మేనత్త ఖుర్షీద్ గారింట్లో పడుకుని, తెల్లవారకముందే మళ్లీ రోడ్డెక్కాం.

“సార్, మా ఫుప్పు గూడ అడిగింది,” అన్నాడు స్టీరింగు తిప్పుతూ. “గద్ద కోడిని ఎత్తుకపోతదా, నిజమేనా అని.”

“నువ్వేం చెప్పినవ్?”

“సార్‌ను అడిగి చెప్త అన్న.”

“నీకు తెల్వదా?”

“తెలుసు సార్. కని నేను చెప్తే నమ్మది. పెండ్లి ఫొటోలల్ల మొటిమలు తీసేసెటోని మాట ఎవలు నమ్ముతరు?”

రాళ్లగూడ చేరేసరికి తూర్పు దిక్కు అప్పుడే బూడిదరంగుకు తిరుగుతోంది. మిషన్ బంగళా పైకప్పు ఎప్పుడో కూలింది, గోడలు మాత్రం ఉన్నాయి. చర్చి వేరుగా, కొత్తగా సున్నం వేసి ఉంది. చెట్ల కింద నేల తెల్లటి రెట్టలతో మచ్చలు మచ్చలుగా కనిపించింది. పైన ఏమీ కదలడం లేదు. కొమ్మ కొమ్మకూ నల్లటి ఆకారాలు వరుసగా కూర్చుని ఉన్నాయి, ఎవరో లోపలినుంచి పిలుస్తారని వేచి ఉన్న జనంలా. ముకర్రం గొంతు తగ్గించాడు. కెమెరా స్టాండు పాతి, లెన్సు మీద తువ్వాలు కప్పి కూర్చున్నాడు.

వెలుగు పెరిగే కొద్దీ ఆకారాలు పక్షులయ్యాయి. మగవి పలకరంగువి, కాళ్లు మాత్రం నారింజ ఎరుపు. ఆడవాటి తెల్లటి పొట్ట మీద నల్లని చారలు. ఒకటి రెక్క సాచి ఈకలు సరిచేసుకుంది. దాన్ని చూసి పక్కది అదే పని చేసింది. కాసేపట్లో కొమ్మంతా అదే పనిలో పడింది. ఒక్కటి ఎగిరింది. తర్వాత రెండు. ఆపైన చెట్టు విదిలించినట్టు అన్నీ ఒక్కసారిగా లేచాయి. చప్పుడు పెద్దగా లేదు. బట్ట ఆరవేస్తూ దులిపినప్పటి చప్పుడు ఎంతో అంతే. బంగళా మీద ఒక చుట్టు తిరిగి, పత్తిచేల వైపు జారిపోయాయి.

ముకర్రం తెర మీద చూసుకుంటూ తల అడ్డంగా ఊపాడు. “అన్నీ మసక సార్. మీరు దేవుణ్ణి నమ్మరు, నేను గీ ఆటోఫోకస్‌ను నమ్మ.”

నేను చెట్ల కింద వంగి నా పని మొదలుపెట్టాను. డేగలు తిన్నదాంట్లో అరగని భాగాలను కడుపులోనే ఉండలుగా చుట్టి, నోటితో కక్కి పారేస్తాయి. ఉసిరికాయ కన్నా చిన్నవి, పొడవాటివి. వాటిని విప్పితే ఆ పక్షి రాత్రి భోజనం ఏమిటో తెలిసిపోతుంది. దోసెడు ఏరి, బంగళా మెట్ల మీద తెల్లకాగితం పరచి, సూదితో ఒక్కొక్కటే విప్పాను. ఉసిళ్ల తలలు, మిడతల కాళ్లు, తూనీగ రెక్కల గాజుముక్కలు, పేడపురుగుల నల్లటి పెంకులు వచ్చాయి. ఈక ముక్క ఒక్కటీ లేదు. ఎముక లేదు.

తోమాసు అప్పుడే వచ్చి నా వెనక నిలబడ్డాడు. పండుగ కోసం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

“పొద్దున్నే గద్దల పెంటతోని ఆటనా సారు?”

“పెంట కాదు తోమాసూ, కక్కినవి. ఇగో చూడు. ఇవన్నీ పురుగులే. కోడి ఈక ఒక్కటన్న ఉందా?”

అతను వంగి, కళ్లు చిన్నవి చేసి శ్రద్ధగా చూశాడు. “ఇవి రాత్రివి గద సారు? కోళ్లు పోయింది అంతకు ముందు. అప్పటి ఉండలేవి?”

ప్రశ్న సబబైనదే. పాత ఉండలు మంచుకు విచ్చిపోయి మట్టిలో కలిసిపోయాయి. అందుకని ఇంకో దారిలో వెళ్లాను. “పోనీ, బరువు సంగతి చూడు. గీ పక్షి మొత్తం బరువు మూడు కోడిగుడ్లంత. రిబ్కమ్మ కోడి రెండు కిలోలన్న ఉంటది. ఎట్ల ఎత్తుకపోతది?”

తోమాసు నవ్వాడు. ఆ నవ్వులో గెలుపు ఉంది. “పోయినేడు మీరే గద సారు ఇదే మెట్ల మీద నిలవడి పోరగాండ్లకు చెప్పింది? గీ పక్షి సముద్రం మీద రాత్రింబవళ్లు ఆగకుంట ఎగురుతదని, గంత బలమున్న పక్షి దునియాల లేదని! సముద్రం దాటే గద్దకు కోడి ఒక లెక్కనా?”

ముకర్రం కెమెరా వెనక దాక్కుని నవ్వాడు. నా ఉపన్యాసం ఆ ఊళ్లో ఏడాదిగా బతికే ఉంది. నేను వదిలివెళ్లిన రూపంలో మాత్రం కాదు.

“ఎగరడం వేరు, మోయడం వేరు,” అన్నాను.

“మీటింగుల చెప్పుండ్రి సారు. మేం వింటం. అతిథులు గద.” తోమాసు వెళ్లబోతూ ఆగాడు. “కని మీరు చర్చి లోపటికి వస్తే మీ నాస్తిక సంఘంవోళ్లు మీ పేరు కొట్టెయ్యరా?”

“వాళ్లకు చెప్పకు.”

చాయ్ రిబ్కమ్మ ఇంట్లో తాగాం. ఆమె ఇల్లు ఆవరణ గోడకు ఆనుకుని ఉంది. వచ్చిపోయే పాస్టర్లకు ఆమే వండి పెడుతుంది, మిగతా రోజుల్లో పత్తి ఏరడానికి పోతుంది. పొట్టి మనిషి. చేతులు గరుకుగా, మాట మెత్తగా ఉంటాయి. పోయిన ఏడాది నాకు వడ్డిస్తూ, “దేవుడు లేడంటరట గద సారు? మరి ఆకలైనప్పుడు ఎవల్ని తల్సుకుంటరు?” అని అడిగింది. “నిన్నే,” అంటే చాలాసేపు నవ్వింది. ఈసారి ఆమె నవ్వలేదు. గ్లాసులు మా ముందు పెట్టి, గడపకు అవతలే నిలబడింది.

వాకిట్లో నులకమంచం మీద రెబెకా కూర్చుని ఉంది. తలకు రుమాలు, చెవుల్లో దూది. ఒళ్లో పాప నిద్రపోతోంది. ఆ అమ్మాయి గోళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

“ఎట్లున్నది బిడ్డా పానం?” అని అడిగాను.

“ఇప్పుడు నయం సారు. దవాఖాన్ల ఒంట్ల నెత్తురు లేదన్నరు. పాలు గూడ పడలే. కన్నతల్లి గద, మా అవ్వనే లేపి నిలవెట్టింది. దినాం కోడి రసం తాగిపిచ్చింది. బజార్ల కోళ్లు కొనుక్కొచ్చి కొనుక్కొచ్చి తిప్పలవడ్డది.”

“బజార్ల కోడి గంత బలమిస్తదా?” అన్నాడు ముకర్రం నవ్వుతూ.

“నాటుకోడేనన్న. రుచి తెల్వదా నాకు?”

“చాయ్ సల్లవడ్తది, తాగుండ్రి,” అంది రిబ్కమ్మ గడప దగ్గరనుంచి.

గ్లాసు పెట్టి చేతులు కడుక్కోవడానికి ఇంటి వెనక్కు వెళ్లాను. తొట్టి పక్కన పెంటకుప్ప ఉంది. కుక్క ఏదో రాత్రి కెలికినట్టుంది, బూడిద కింద పొర పైకి తేలింది. అందులో ఈకలున్నాయి. నా వృత్తి అలాంటిది కాబట్టి ఆగి చూశాను. డేగ గానీ, మరో జంతువు గానీ చంపితే ఈకలు చంపినచోట చెల్లాచెదురవుతాయి, ఎండకు ఆరి గాలికి ఎగిరిపోతాయి. ఇవి వేడినీళ్లలో ముంచి పీకిన ఈకలు, ముద్దలు ముద్దలుగా అంటుకుని ఉన్నాయి. ఎర్రవి, నల్లవి. వాటి మధ్య బూడిద పట్టిన గుడ్డ పీలికలు మూడు. వేసిన ముడి వేసినట్టే ఉంది. రంగు ఇంకా పూర్తిగా పోలేదు. ఎరుపు.

తొట్టి దగ్గర ఎక్కువసేపే నిలబడి ఉంటాను. ఇన్నేళ్లలో ఎన్నో గుట్లు విప్పాను. గాలిలోంచి విభూతి తీసేవాళ్ల చేతివేళ్లను పట్టుకున్నాను, నిమ్మకాయలోంచి రక్తం కారించేవాళ్ల సీసాను జనం ముందు పెట్టాను. కిటుకు దొరికిన క్షణంలో ఒక హుషారు ఉంటుంది. ఆరోజు అది రాలేదు. అక్కడ కిటుకుతో బతికేవాడు ఒకడుండేవాడు, మోసపోయేవారు పదిమంది. ఇక్కడ ఒక తల్లి కూతురి ప్రాణం నిలవాలని కోళ్లు మొక్కింది, అదే ప్రాణం నిలపడానికి ఆ కోళ్లనే కోసింది. కోశాక భయపడింది. కోసిన చెయ్యి తనదని తేలితే కీడు కూతురికి, పాపకు తగులుతుంది. గద్ద చేసిందని అంటే మొక్కు చెల్లుతుంది. ఆమె ఆ అబద్ధం ఊరికంటే ముందు పైవాడితోనే ఆడి ఉంటుంది. మొక్కు అనే మాటకు నా దగ్గర విలువ లేదు. కాని దానికి భయపడే మనిషి భయం ఎంత బరువుంటుందో నాకు తెలుసు. ఆ భయానికి ఇప్పుడు నాలుగు చెట్లు పడిపోబోతున్నాయి. వాటి మీద ఆగే పక్షులకు, ముందున్న సముద్రానికి మధ్య అలాంటి మజిలీలు ఎన్నో మిగిలి లేవు.

కాలితో బూడిద లాగి పీలికలను కప్పేశాను. తిరిగి చూస్తే వెనక తలుపు దగ్గర రిబ్కమ్మ నిలబడి ఉంది. చేతిలో తువ్వాలు. నేను చేతులు తుడుచుకునేదాకా ఉండి, తువ్వాలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

చర్చి గంటకు ఇంకా సమయం ఉండడంతో చేల గట్టు మీదికి వెళ్లాం. అది పక్షులను చూసేవారికి పండుగలాంటి పొద్దు. ఎండ వేడెక్కగానే పత్తిచేల మీద తూనీగలు లేచాయి, వాటి వెంట డేగలు లేచాయి. గాలిలోనే కాలితో అందుకుని, ఎగురుతూనే వంగి తినేస్తున్నాయి. కోసిన సోయా మడి మీద తెల్లటి పిల్లిగద్ద ఒకటి నేలకు ఆనుకుని తేలుతూ పోయింది. ముకర్రంకు ఒళ్లు తెలియడం లేదు.

“సార్, దొరికింది! తూనీగ నోట్ల ఉన్నప్పుడు దొరికింది!” అంటూ కెమెరాకే ముద్దు పెట్టాడు. “మా ఫుప్పుకు ఇదే చూపిస్త.”

“ఫొటో నమ్మదంటివి?”

“దీంట్ల మొటిమలు తియ్యలే గద సార్, నమ్ముతది.”

నేను స్టాండు మీది దుర్భిణిని కరెంటు తీగ వైపు తిప్పి పెట్టాను. తీగ మీద మగ డేగ ఒకటి కూర్చుని తూనీగ రెక్కలు ఒలుస్తోంది. సరిగ్గా అప్పుడే గట్టు మీద రిబ్కమ్మ వస్తోంది. చేను చివర్నుంచి గుమ్మడికాయ ఒకటి తెంపుకుని, నెత్తిన పెట్టుకుని చర్చికి తీసుకుపోతోంది. కోళ్లకు బదులు కానుక. మమ్మల్ని చూసి దారి మార్చబోయింది.

“రిబ్కమ్మా, జర ఇటు రా,” అన్నాను. “నీ గద్దను చూడు.”

ఆమె గుమ్మడికాయ దించి గట్టు మీద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుని, భయపడుతున్నట్టే దుర్భిణికి కన్ను ఆనించింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

“ఏం చేస్తుంది?” అని అడిగాను.

“తింటుంది సారు. పురుగును పట్టుకొని రెక్కలు తీసేస్తుంది. మనం శనక్కాయలు ఒల్సినట్టు.” కన్ను తీయకుండానే అంది, “గోళ్లెక్కడున్నయి దీనికి?”

“ఉన్నయి. కాళ్లు చూడు, ఎర్రగ.”

“గివ్వా? గివ్వి మా పాప వేళ్లంత లేవు గద!” ఆమె తల ఎత్తి ఉత్త కంటితో తీగ వైపు చూసింది. అంత దూరంలో అది ఒక చుక్క. మళ్లీ దుర్భిణిలో చూసింది. “గింతేనా సారు? గింతేనా ఇది?”

“మూడు కోడిగుడ్లంత బరువు.”

“ఇది ఎక్కడికి పోతది ఇక్కడికెళ్లి?”

“సముద్రం దాటి పోతది. అటు ఒడ్డు దొరికేదాక మధ్యల కూసునేటందుకు ఏం దొరకది. అందుకే ఇక్కడ కడుపు నింపుకుంటది.”

“పిల్లతల్లి తిన్నట్టు,” అంది మెల్లగా. గుమ్మడికాయ ఎత్తుకోవడానికి వంగి, వంగినచోటే ఆగి అడిగింది. “మీటింగుల మీరేం చెప్తరు సారు?”

“డేగ ఏం తింటదో చెప్త.”

“గంతేనా?”

“నేను డేగ గురించి చెప్పేటందుకే వచ్చిన, రిబ్కమ్మా.”

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, కాయ నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. తీగ మీది డేగ అప్పటికి మరో తూనీగ కోసం లేచింది.

చర్చి లోపల పండుగ వాసన నిండి ఉంది. జొన్న కంకులు, పసుపు కొమ్ములు, బంతిపూలు, బుట్టల్లో కోళ్లు, తాళ్లతో కట్టిన మేకపిల్లలు. పాస్టరు ప్రార్థన చేస్తుంటే ఒక పుంజు ఆమెన్‌కు ముందే కూసింది, వెనక వరుస నవ్వు ఆపుకోలేకపోయింది. వేలంలో తోమాసు గొంతు చించుకున్నాడు. “ఆనిగెపుకాయ! యేసయ్య ఇచ్చిన ఆనిగెపుకాయ! ఎవలు తీస్కుంటరు?” ముకర్రం ఆ సొరకాయను కొని, మోయలేక నా ఒళ్లో పెట్టాడు. రిబ్కమ్మ గుమ్మడికాయను బల్ల మీద పెట్టలేదు. ఆడవాళ్ల వైపు చివర, రెబెకా పక్కన, ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

వేలం ముగిశాక తోమాసు నన్ను పిలిచాడు. నేను కాగితం మీది పురుగు పెంకులను ముందు వరుసకు చూపించాను. బరువు సంగతి చెప్పాను. పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పాననే అనుకున్నాను. బెంజమిన్ లేచాడు. బొగ్గుబావిలో పనిచేసి, విరమించి, నస్పూర్ నుంచి ఊరు చేరిన మనిషి. అతని మాటకు అక్కడ విలువుంది.

“సారు, చీమ తనకన్న పెద్ద బియ్యపుగింజను మోస్తది గద?”

“మోస్తది. మోసుకుంట నడుస్తది బెంజమిన్. ఎగరది.”

నవ్వులు లేచాయి. అతను తగ్గలేదు. “రెండు గద్దలు కలిసి మోస్తే?”

“ఒకటి ముంగట, ఒకటి ఎనక పట్టుకుంటె అయితది,” అన్నారెవరో వెనకనుంచి. “పెండ్లి పల్లకి లెక్క.”

మళ్లీ నవ్వులు. నవ్వులన్నీ ఆగాక తోమాసు మెల్లగా అడిగాడు. అతని గొంతులో ఎగతాళి లేదు. “సారు, మీరు చదువుకున్నోళ్లు. మీ మాట కాదనం. కని కోళ్లయితే లేవు గద? గద్ద కాకపోతే మరి ఎవలు?”

అందరి కళ్లూ నా మీద ఉన్నాయి. జవాబు నా నాలుక చివర ఉంది. ఇంటి వెనక, పెంటకుప్పలో, బూడిద కింద. ఆ ఒక్క మాటతో చెట్లు నిలుస్తాయి. ఎన్నో సభల్లో ఎందరినో అలాంటి ఒక్క మాటతో కూర్చోబెట్టాను. తెలియదని చెప్పడం అబద్ధం. చెప్పడం నా హక్కు కాదు.

“డేగ కాదు,” అన్నాను. “నేను చెప్పగలిగింది అంతే.” వెళ్లి కూర్చున్నాను.

ముకర్రం నా చెవిలో, “గిదేంది సార్, సగంల ఆపినరు?” అన్నాడు. నేను ఆనిగెపుకాయను సర్దుకున్నాను.

తోమాసు నిట్టూర్చాడు. “సరే. చెట్లు కొట్టాలె అనేటోళ్లు చేతులెత్తుండ్రి.”

బెంజమిన్ చెయ్యి లేచింది. ముందు వరుస లేచింది. తర్వాత మగవాళ్ల వైపు సగం. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఒక్కొక్కరే ఎత్తసాగారు. రెబెకా కూడా, పాపను ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తబోయింది. రిబ్కమ్మ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. గుమ్మడికాయను కూతురి పక్కన పెట్టి లేచింది.

“నీదేంది అక్కా?” అన్నాడు తోమాసు. “నీ కోళ్ల కోసమే గద ఇదంత?”

ఆమె నడవలోకి వచ్చి నిలబడింది. వేదిక వైపు కాకుండా, కిటికీలోంచి కనిపిస్తున్న చెట్ల వైపు చూస్తూ మాట్లాడింది. “నా బిడ్డ ఒంట్ల నెత్తురు లేకుండె. చంటిదానికి పాలు లేకుండె. కొననీకి నాతోని కాలే.”

“అవ్వా…” అంది రెబెకా.

“నువ్వు ఊకో బిడ్డా. నీకు తెల్వది.” ఆమె మళ్లీ చెట్ల వైపు తిరిగింది. “కీడంటూ వస్తె నా మీదికి రానీ. చంటిదాని మీదికి వద్దు, గా నోరు లేని పక్షుల మీదికి వద్దు. నేను ఇయ్యాల దాన్ని అద్దంల దగ్గరగ చూసిన. అది తూనీగలను తింటది.”

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి.

“ఏం చెప్తున్నవ్ అక్కా? జర తెల్సేటట్టు చెప్పు,” అన్నాడు తోమాసు. “కోళ్లను గద్ద ఎత్తుకపోయిందా, లేదా?”

“ఎత్తుకపోలే. మూడింటిని నేనే కోసిన, నా బిడ్డకు వండిపెట్టిన.”